డబ్బా ఒకటంటే కాయితం ఇంకోటంది: మా ఏరేటర్ కంట్రోలర్‌కి మేక్‌ఫైల్ రాసిన కేస్ స్టడీ

రాజుగారి ఫోన్ తెల్లారగట్ల ఐదుంపావుకి వచ్చింది. "రొయ్యలు తేలాయండీ" అన్నారు, అంతే. చెరువుల మీద బతికే ఊళ్లలో ఆ మాటకి అర్థం అడగక్కర్లేదు, నీళ్లలో ఆక్సిజన్ అడుగంటిందని. పాలకొల్లు నుంచి బండేసుకుని ఆకివీడు దాటి ఆ గట్టు మీదకి చేరేసరికి ఏడవుతోంది, అప్పటికి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయి, నాలుగింటికి కాపలా కుర్రాడు టార్చి వేసి చూసి స్విచ్ వేశాడంట, అందుకని చెరువు మొత్తం పోలేదు గానీ చచ్చిన రొయ్యని గట్టు వార నుంచి వలతో తోడి పోస్తున్నారు.

రాజుగారు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. కంట్రోలర్ డబ్బా తలుపు తీసి, లోపల మేమే అంటించిన లామినేషన్ కార్డు మీద వేలు పెట్టారు. "ఏరేటర్లు మొదలయ్యేది: 4.0" అని ఉంది అక్కడ. "రాత్రి పదింటికి చూశానండీ, స్క్రీన్ మీద 4.3 ఉంది, మోటార్లు తిరుగుతున్నాయి. కార్డులో 4.0 అని ఉంది కదా, డబ్బా పాడైంది, కరెంటు ఊరికే కాలుతోందనుకుని ఆటో తీసేసి ఆపి పడుకున్నాను. మీ డబ్బా చెప్పేదొకటి, మీ కాయితం చెప్పేదొకటి. నేను కాయితాన్ని నమ్మానండీ."

డబ్బా పాడవలేదు. మూడు వారాల కిందట నేనే కోడ్‌లో 4.0ని 4.5 చేశాను, కార్డు మాత్రం పాతదే ప్రింట్ అయి వెళ్లింది. ఒక అంకె రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా అయింది, మళ్లీ అవ్వకుండా ఏం చేశాం అన్నదే ఇక్కడ రాస్తున్నాను, నాలాగ చిన్న చిన్న మెషీన్లకి కోడూ మాన్యువలూ రెండూ ఒక్కళ్లే చూసుకునేవాళ్లకి పనికొస్తుందని.

ముందు మెషీన్ సంగతి. భీమవరంలో ఒక చిన్న వర్క్‌షాపు ఈ డబ్బాలు కడుతుంది, నేను వాళ్లకి ఇంటి దగ్గర్నుంచి కోడ్ రాస్తాను. నీళ్లలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములుందో కొలిచే సెన్సర్ ఉంటది, రీడింగ్ ఒక హద్దు కన్నా కిందకి వస్తే ఏరేటర్లు స్టార్ట్ చేస్తది, పై హద్దు దాటాక ఆపేస్తది, ఇంకా పడిపోతుంటే రైతుకి ఎస్ఎంఎస్ కొట్టి అలారం మోగిస్తది. పగలు ఎండలో ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తది, రాత్రి అదే తిరిగి వాడేసుకుంటది, అడుగున మిగిలిన మేత కుళ్లుతూ కొంత లాగేస్తది, రొయ్య ఎటూ పీలుస్తది, అందుకే తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య డీఓ అన్నిటికన్నా తక్కువ. మబ్బు పట్టిన రోజైతే సాయంత్రానికే సగం అయిపోయి ఉంటది. 4.0 దగ్గర మోటార్లు మొదలెడితే పిల్ల ఎక్కువ వేసిన చెరువుల్లో అవి అందుకునేలోపే 3 దాకా పడిపోతోందని రైతులే చెప్పారు, అందుకే 4.5 చేశాం. నిర్ణయం సరైనదే, తప్పు జరిగింది ఆ తర్వాత.

డబ్బాలు రెండు మోడళ్లు. చిన్నదాంట్లో ఏటీమెగా 328పీ చిప్, పెద్దదాంట్లో ఏటీమెగా 2560. ఒక్కో మోడల్‌కి చిప్‌లోకి ఎక్కించే ఒక హెక్స్ ఫైలు, ఒక తెలుగు మాన్యువల్, తలుపు లోపల అంటించే ఒక పేజీ కార్డు, మొత్తం ఆరు ఫైళ్లు బయటికి రావాలి. మాన్యువల్ రాసేది మాస్టారు, మా వీధిలోనే ఉంటారు, తెలుగు టీచర్‌గా రిటైరయ్యారు, రైతుకి అర్థమయ్యేలా వాక్యం రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. టైప్‌సెట్టింగ్, అంటే పేజీలు కూర్చి పీడీఎఫ్ చేసేది, జీలాటెక్ అనే ప్రోగ్రామ్‌లో, ఫాంట్ మండలి, ఫాంట్లు చూసుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో స్క్రిప్ట్ తెలుగు అని తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే ఒత్తులు అక్షరం కిందకి దిగకుండా పొల్లుతో విడివిడిగా పడే ప్రమాదం ఉంది.

అప్పటిదాకా ఇదంతా ఒక షెల్ స్క్రిప్ట్‌తో చేసేవాణ్ని. పై నుంచి కింద దాకా వరసగా అన్నీ చేసేస్తది, కోడ్ కంపైల్ (చిప్ నడపగలిగే రూపంలోకి మార్చడం), వైరింగ్ బొమ్మలు పదకొండు ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్‌లోకి, ఆ తర్వాత జీలాటెక్ ఒక్కో మాన్యువల్‌కి మూడుసార్లు, పేజీ నంబర్లూ విషయసూచికా కుదరాలంటే అన్నిసార్లు నడవాలి కాబట్టి. కోడ్ నాలుగు సెకన్లలో అయిపోతది. మిగతాదానికి నా పాత ల్యాప్‌టాప్‌లో రెండున్నర నిమిషాలు. కోడ్‌లో ఒక లైను మార్చి బోర్డు మీద చూద్దామంటే రెండున్నర నిమిషాలు ఎవరు ఆగుతారు, నేనూ ఆగలేదు, డాక్యుమెంట్ల లైన్లన్నిటి ముందు హాష్ పెట్టి అవి నడవకుండా కామెంట్ చేసేశాను, మళ్లీ తీసెయ్యొచ్చులే అని. 4.5 చేసిన రోజున హాష్‌లు అలాగే ఉన్నాయి. స్క్రిప్ట్ ఎర్రర్ లేకుండా అయిపోయింది, పీడీఎఫ్‌లు ఫోల్డర్‌లో ఉన్నాయి, పాతవి. అవే ప్రింట్‌కి వెళ్లాయి.

అంకె రెండు చోట్ల ఉండటం పైకి కనిపించే కారణం. అసలు కారణం స్క్రిప్ట్ నిదానంగా ఉండటం అని నేను గట్టిగా అనుకుంటున్నాను. నిదానంగా ఉన్న పనిని మనిషి దాటేస్తాడు, ఎంత జాగ్రత్తపరుడైనా సరే. "ఇకమీద గుర్తుపెట్టుకో" అని గోడ మీద రాసుకుంటే తీరే సమస్య కాదిది. మారనిదాని జోలికి వెళ్లకుండా మారినదాన్ని మాత్రం వదలకుండా చేసే పద్ధతి ఒకటి కావాలి. అది మేక్ అనే టూల్.

మేక్ పుట్టిన కథ కూడా ఇలాంటిదే, అది తెలిశాక నాకు ఈ టూల్ మీద గౌరవం పెరిగింది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. యాక్ అనే ప్రోగ్రామింగ్ టూల్ రాసిన స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా ప్రోగ్రామ్‌లో తప్పు వెతికి వెతికి విసిగిపోయి ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడంట, చూస్తే తప్పు అంతకుముందే సరిదిద్దేశాడు, కానీ ఆ ఫైలు మళ్లీ కంపైల్ అవలేదు, అంతకుముందు కంపైలైన పాత ఆబ్జెక్ట్ ఫైలే ప్రోగ్రామ్‌లో లింక్ అవుతోంది. సరిచేసిన మాట ఒకచోట, నడుస్తున్నది పాతది. మా కార్డు లాగే. ఆ పనికి ఫెల్డ్‌మన్‌కి 2003లో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం వాళ్ల సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డ్ ఇచ్చారు.

మేక్ ఎలా పనిచేస్తదో మాస్టారికి చెప్పాల్సి వచ్చింది, ఆయన కూడా వాడాలి కాబట్టి. కాలవతో చెప్పాను. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు పెద్ద కాలవలోకి, అందులోంచి చిన్న కాలవలోకి, అందులోంచి పంట బోదెలోకి వస్తాయి కదా మాస్టారూ, ఒక తూము దగ్గర ఏదైనా మారితే దాని దిగువన ఉన్న బోదెలకే తేడా తెలుస్తది, పక్క కాలవకి తెలియదు. మేక్‌ఫైల్ అంటే ఏ ఫైలు నీళ్లు ఏ ఫైల్లోకి పారతాయో రాసి పెట్టిన పటం. ప్రతి రూల్‌లో ఎడమ పక్క తయారవ్వాల్సిన ఫైలు, కోలన్, కుడి పక్క అది ఆధారపడే ఫైళ్లు, కింద లైన్లో ట్యాబ్ కొట్టి దాన్ని తయారుచేసే కమాండ్. కుడి పక్క ఉన్నవాటిలో ఏదైనా ఎడమ పక్క దాని కన్నా కొత్తదైతే కమాండ్ నడుపుతది, లేకపోతే ముట్టుకోదు. కొత్తదా పాతదా అన్నది ఫైలు చివరిసారి మారిన టైమ్ బట్టే చూస్తది, లోపల ఏముందో చూడదు. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, కింద దీని వల్లే ఒక రోజంతా పోయింది.

"అంటే నేను మాన్యువల్లో కామా మారిస్తే నీ కోడ్ కదలదన్నమాట" అన్నారు మాస్టారు. అంతే.

ఇప్పుడు అంకెల సంగతి. సెట్టింగ్స్ అని మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టాం, ఒక్కో లైన్లో పేరు, విలువ, యూనిట్. మొదలయ్యే హద్దు 4.5, ఆగే హద్దు 5.5, అలారం హద్దు, సెన్సర్ ఎన్ని సెకన్లకోసారి చదవాలి, ఇలా ఇరవై దాకా ఉన్నాయి. ఏ అంకె అయినా మనిషి చేత్తో టైప్ చేసేది ఇక్కడ ఒక్కచోటే. దీన్నుంచి ఆక్ అనే టెక్స్ట్ టూల్‌తో రాసిన చిన్న స్క్రిప్ట్ రెండు ఫైళ్లు పుట్టిస్తది. ఒకటి సీ హెడర్, అంటే సీ భాషలో రాసిన కోడ్ తనలో కలుపుకుని చదివే ఫైలు, అందులో 4.5 అనేది 45 అయిపోద్ది, చిన్న చిప్‌లో దశాంశాలు లెక్కపెట్టడం బరువు కాబట్టి పది రెట్లు చేసిన పూర్ణాంకం వాడతాను. రెండోది జీలాటెక్ చదివే టెక్ మ్యాక్రోల ఫైలు, మ్యాక్రో అంటే పేరు రాస్తే దాని చోట విలువ పడేది, అందులో 4.5 అలాగే ఉంటది. మాస్టారు మాన్యువల్లో అంకె రాయరు, మొదలుహద్దు అన్న మ్యాక్రో రాస్తారు. ఇది అలవాటవ్వడానికి ఆయనకి వారం పట్టింది, మధ్యలో ఒకసారి "అంకె కనపడకుండా వాక్యం రాస్తుంటే చెయ్యి రావట్లేదురా అబ్బాయ్" అన్నారు. అలవాటయ్యాక ఆయనే పాత పేజీలన్నీ తిరగేసి, నేను చూడని చోట ఫొటో కింద వివరణలో దాక్కున్న 4.0 ఒకటి పట్టుకున్నారు.

అదే ఆక్ స్క్రిప్ట్‌లో ఒక చెక్ కూడా పెట్టాను, ఆగే హద్దు మొదలయ్యే హద్దు కన్నా ఎక్కువ లేకపోయినా, అలారం హద్దు మొదలయ్యే హద్దు కన్నా తక్కువ లేకపోయినా ఎర్రర్‌తో బయటికి వచ్చేస్తది, మేక్ అక్కడే ఆగిపోద్ది, హెక్సూ రాదు కార్డూ రాదు.

కాయితం మీద బాగానే ఉంది గానీ నడపడం మొదలెట్టాక ఒక్కోటీ బయటపడ్డాయి.

మొట్టమొదటిది మిస్సింగ్ సెపరేటర్ అనే ఎర్రర్. మేక్ వాడిన ప్రతివాడికీ తగిలేదే, కమాండ్ ముందు ట్యాబే ఉండాలి, స్పేస్‌లు ఒప్పుకోదు, మాస్టారి కంప్యూటర్లో ఎడిటర్ ట్యాబ్‌ని స్పేస్‌లుగా మార్చేస్తోంది. ఎడిటర్‌లో మేక్‌ఫైల్‌కి మాత్రం ఆ మార్పిడి ఆపేశాం.

తర్వాతది ప్రమాదకరమైనది. సెట్టింగ్స్ మార్చి మేక్ కొడితే కార్డు కొత్తదొచ్చింది, హెక్స్ మాత్రం పాతదే. ఈసారి తలకిందులు! కారణం, నా రూల్‌లో ఆబ్జెక్ట్ ఫైలు సీ ఫైలు మీద ఆధారపడుతుందని రాశాను గానీ, ఆ సీ ఫైలు లోపల ఇన్‌క్లూడ్ చేసిన హెడర్ గురించి రాయలేదు, మేక్ సీ ఫైల్ని తెరిచి చదవదు కదా. హెడర్లన్నీ చేత్తో రాసుకుంటూ పోతే ఎప్పుడో ఒకటి మర్చిపోతాం. దీనికి జీసీసీ అనే కంపైలర్‌లోనే మందుంది, ఎంఎండీ, ఎంపీ అని రెండు ఆప్షన్లు ఇస్తే కంపైల్ చేస్తూనే ఏ సీ ఫైలు ఏ హెడర్లు వాడిందో డాట్ డీ ఫైళ్లలో మేక్ భాషలోనే రాసి పెడుతుంది, వాటిని మేక్‌ఫైల్ చివర ఇన్‌క్లూడ్ చేసుకోవడమే. మా చిప్‌లకి వాడే ఏవీఆర్ జీసీసీలో కూడా ఇది మామూలుగానే పనిచేస్తది. ఒక్క మెలిక, మన హెడర్ పుట్టించిన ఫైలు కాబట్టి మొదటిసారి బిల్డ్‌లో డాట్ డీ ఫైళ్లు ఇంకా ఉండవు, హెడరూ ఉండదు, కంపైల్ ఫెయిల్ అవుద్ది. ఆబ్జెక్ట్ ఫైళ్ల రూల్‌లో నిలువు గీత పెట్టి దాని తర్వాత ఆ హెడర్ పేరు రాస్తే సరి, ముందు అది ఉండేలా చూస్తది, దాని టైమ్ బట్టి మాత్రం మళ్లీ కంపైల్ చేయదు.

మేక్‌ఫైల్ కొత్తగా రాసేవాళ్లు ఏదొకటి దాటేసినా ఈ హెడర్ల సంగతి దాటెయ్యకండి, దయచేసి. ఇది లేని మేక్‌ఫైల్ కన్నా ప్రతిసారీ అన్నీ కంపైల్ చేసే స్క్రిప్టే నయం, కనీసం అబద్ధం చెప్పదు.

ఇంకోటి, ఒకే కమాండ్ రెండు ఫైళ్లు పుట్టించే చోట. హెడరూ మ్యాక్రోల ఫైలూ రెండూ ఎడమ పక్క రాసి కింద ఒక కమాండ్ ఇస్తే, మేక్ దాన్ని రెండు వేరువేరు రూల్స్ కింద చదువుకుంటది, పనులు పక్కపక్కన నడిపే జే ఆప్షన్ ఇచ్చినప్పుడు కమాండ్ ఒకేసారి రెండుసార్లు నడిచి ఫైలు చెడిపోయే అవకాశం ఉంది. గ్నూ మేక్ 4.3 నుంచి కోలన్ ముందు యాంపర్‌శాండ్ పెడితే రెండూ ఒకే జట్టని అర్థం చేసుకుంటది. నా దగ్గర ఉబుంటు 20.04, దాంతో వచ్చేది 4.2.1, ఆ పాతది యాంపర్‌శాండ్‌ని కూడా ఒక ఫైలు పేరనుకుని ఎర్రరేమీ చెప్పకుండా పోతది. అందుకని నేను ఆ స్క్రిప్ట్‌ని రెండు ముక్కలు చేసి రెండు రూల్స్ రాసేశాను, పాత వెర్షన్‌లోనూ నడుస్తది, అర్థం చేసుకోవడమూ తేలిక.

సెట్టింగ్స్ ఫైల్లో నేను కామెంట్లు ఎక్కువ రాసుకుంటాను, ఏ అంకె ఎవరడిగితే మార్చామో. కామెంట్ మార్చినా ఫైలు టైమ్ మారుతుంది కాబట్టి అన్నీ మళ్లీ తయారయ్యేవి, మళ్లీ రెండున్నర నిమిషాలు, మళ్లీ నాకు హాష్ పెట్టే బుద్ధి పుడుతుందేమోనని భయం. అందుకని పుట్టించిన ఫైల్ని ముందు తాత్కాలిక పేరుతో రాసి, సీఎంపీ కమాండ్‌తో పాతదానితో పోల్చి, తేడా ఉంటేనే అసలు పేరు మీదకి మారుస్తాం. అంకె మారకపోతే దిగువన ఏదీ కదలదు.

డాక్యుమెంట్ల వైపు, జీలాటెక్ ఎన్నిసార్లు నడపాలో మేక్‌తో లెక్కపెట్టించడం తలనొప్పి, ఆ పని లాటెక్‌ఎంకే అనే ఇంకో టూల్‌కి వదిలేశాను, సూచికలు కుదిరేదాకా అదే నడుపుకుంటది. పెద్ద పటం మేక్‌ది, పీడీఎఫ్ లోపలి గొడవ దానిది. ఇంక్‌స్కేప్ బొమ్మలకి ఒక్కటే ప్యాటర్న్ రూల్, ఏ బొమ్మ ఎస్‌వీజీ ఫైలు మారితే ఆ ఒక్క బొమ్మే మళ్లీ తయారవుద్ది. జీలాటెక్ ఎర్రర్లు దాటుకుంటూ పోయే మోడ్‌లో ఉంటే మధ్యలో తప్పొచ్చినా పీడీఎఫ్ రాసేస్తది, మేక్ కమాండ్ ఫెయిల్ అయిందని ఆగుతది గానీ ఆ చెడ్డ పీడీఎఫ్ కొత్త టైమ్‌తో ఫోల్డర్‌లో ఉండిపోద్ది, రెండోసారి మేక్ కొడితే అంతా సరిగ్గానే ఉందంటది. మేక్‌ఫైల్‌లో డాట్ డిలీట్ ఆన్ ఎర్రర్ అనే ఒక్క లైను రాస్తే ఫెయిలైన కమాండ్ మార్చిన ఫైల్ని మేకే తీసేస్తది. ఇంకో కాపలా, ఫాంట్‌లో లేని అక్షరం వస్తే లాగ్ ఫైల్లో మిస్సింగ్ క్యారెక్టర్ అని రాసి ముందుకెళ్లిపోవడం జీలాటెక్ అలవాటు, ప్రింట్‌లో అక్కడ ఖాళీ గడి పడుతుంది. లాగ్‌లో ఆ మాట వెతికే గ్రెప్ కమాండ్‌కి దొరికితే బిల్డ్ ఫెయిల్ చేస్తున్నాం.

ఇప్పుడు ఆ రోజు పోయిన సంగతి. వర్క్‌షాపు కంప్యూటర్లో కరెంటు లేనప్పుడు గడియారం నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయింది, మా వైపు కరెంటు పోవడం రావడం తెలిసిందే, ఒకసారి పోయి వచ్చాక ఆ కంప్యూటర్ తారీఖు 2010 జనవరిలోకి వెళ్లిపోయింది, దానికి ఇంటర్నెట్ లేదు, ఎవరూ చూసుకోలేదు. అక్కడి టెక్నీషియన్ సెట్టింగ్స్‌లో సెన్సర్ చదివే వ్యవధి మార్చి పెన్‌డ్రైవ్‌లో పంపాడు, నేను తారీఖులు మారకుండా కాపీ చేసుకుని మేక్ కొట్టాను. చేయడానికేమీ లేదంది. ఫైలు తెరిస్తే కొత్త అంకె కళ్లెదురుగా ఉంది, మేక్ ఏమో ఏమీ మారలేదంటోంది, సాయంత్రం దాకా నా మేక్‌ఫైల్‌లో తప్పు వెతికాను. చివరికి ఫైళ్ల జాబితా చూపించే ఎల్ఎస్ కమాండ్ కొట్టి టైమ్ చూస్తే తెలిసింది, పదేళ్లకి పైగా పాత తారీఖు. దీనికి ఎదురు రకమైతే, అంటే ఫైలు తారీఖు రేపటిదైతే, క్లాక్ స్క్యూ, అంటే గడియారం తేడా ఉందని, మేకే హెచ్చరిస్తుంది. పాత తారీఖుకి ఏ హెచ్చరికా ఉండదు, పాత ఫైలు అన్నది మామూలు విషయమే కదా దానికి.

ఆ మర్నాడే సీఆర్ 2032 బ్యాటరీ వేయించాం. పెన్‌డ్రైవ్ మానేసి, ఫైళ్లలో మార్పులన్నీ దాచిపెట్టే గిట్ అనే టూల్‌తో తెచ్చుకోవడం మొదలెట్టాం, గిట్ ఫైళ్ల టైమ్ దాచుకోదు, మారిన ఫైల్ని మన దగ్గర దించినప్పటి టైమే పడుతుంది, మేక్‌కి అదే కావాలి. దీనికి మించి ఇంకో నియమం పెట్టుకున్నాం, రోజూ పని చేసుకునేటప్పుడు మామూలు మేక్, బయటికి వెళ్లే ఫైళ్లకి మాత్రం రిలీజ్ అనే టార్గెట్, అది ముందు తయారైన ఫైళ్లన్నీ తుడిచేసి మొదట్నుంచీ కడుతుంది. అక్కడ రెండున్నర నిమిషాలు ఆగుతాం, ప్రింటింగ్‌కి ఇచ్చే రోజు ఆగడం ఎవరికీ కష్టం కాదు. క్లీన్, రిలీజ్ లాంటి పేర్లని డాట్ ఫోనీ కింద రాయడం మర్చిపోకూడదు, ఆ పేరుతో నిజంగా ఫైలో ఫోల్డరో ఉంటే మేక్ పని చేయకుండా ఊరుకుంటది.

చివర్లో కలిపింది వెర్షన్ నంబర్. గిట్ డిస్క్రైబ్ అనే కమాండ్ ఇచ్చే నంబర్ హెక్స్‌లోకీ వెళ్తుంది, కార్డు కింద మూలకీ వెళ్తుంది, డబ్బా ఆన్ చేయగానే స్క్రీన్ మీద మొదట అదే కనిపిస్తుంది. రెండూ ఒకటైతేనే ఆ కార్డు ఆ డబ్బాది. వర్క్‌షాపులో ప్యాక్ చేసే అమ్మాయి ఇప్పుడు ఇది చూడకుండా తలుపు మూయదు.

ఆ వారం చివర్లో మా డబ్బాలున్న చెరువులన్నిటికీ తిరిగాం, ఉండి, కాళ్ల, ఆకివీడు వైపు, నేనూ టెక్నీషియనూ, పాత కార్డులు గీకి కొత్తవి అంటించుకుంటూ. రాజుగారి చెరువుకి ఆఖరున వెళ్లాను. కొత్త కార్డు అంటిస్తుంటే ఆయన పక్కన నుంచుని, డబ్బా ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. స్క్రీన్ మీద నంబర్ వచ్చేదాకా చూసి, కళ్లజోడు పైకి జరుపుకుని, కార్డు మూలనున్న నంబర్ ఒక్కో అంకె బయటికి చదివారు. తర్వాత ఆటో స్విచ్ ఆయనే వేశారు.